అమ్మ నడిస్తే ముల్లు ఎగరకూడదు

అమ్మ నడిస్తే చప్పుడవుతుంది. ముందు మడమ ఆనించి, బరువంతా దాని మీద వేసి నడుస్తుంది. తెనాలిలో గచ్చు నేల మీద యాభై ఏళ్లు అలాగే నడిచింది, ఎవరూ ఏమీ అనలేదు. న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చిన మూడో రోజున నేను అన్నాను.

ఆ సాయంత్రం చిట్టిబాబు వీణ ఎల్పీ రికార్డు పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ హాల్లోకి నాలుగడుగులు వేసింది. ముల్లు టక్కున ఎగిరి రెండు మూడు చుట్లు అవతల పడింది. మళ్లీ మొదటికి పెట్టాను. అమ్మ కుర్చీలోంచి లేచింది, మళ్లీ ఎగిరింది. "అమ్మా, ఈ గదిలో కాస్త మెల్లగా నడువమ్మా" అన్నాను. "అయ్యో, నాకేం తెలుసురా" అంది. ఆ తర్వాత రికార్డు తిరుగుతున్నంతసేపూ హాల్లోకి రావడం మానేసింది. అవి తాతయ్య రికార్డులు, అమ్మ పెళ్లికి ముందు ఆయన ఒక్కొక్కటీ కొని పోగుచేసినవి. వాటిని ఆయన కూతురు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింది. అలా చూసినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది.

రికార్డులు వినేవాళ్ల ఇళ్లకి వెళ్తే దాదాపు ప్రతిచోటా ఇదే మాట. పిల్లల్ని గెంతొద్దంటారు, పెద్దవాళ్లని మెల్లగా నడవమంటారు, వాషింగ్ మెషిన్ తర్వాత వేసుకోమంటారు. ఇది తప్పని గట్టిగా చెప్పాలనే రాస్తున్నాను. ఇల్లు కట్టుకున్నది మనుషులు తిరగడానికి. నేల అదురుతుంటే రికార్డుని తిప్పే టర్న్‌టేబుల్ ఉన్న చోటు మార్చాలి, ఇంట్లోవాళ్ల నడక మార్చమని అడగకూడదు. దీని వెంటే ఇంకో తప్పు కూడా జరుగుతుంది. చోటు సంగతి వదిలేసి, టర్న్‌టేబుల్ కింద ఏదో ఒక మెత్తటి వస్తువు కొని పెట్టేస్తారు. నేనూ పెట్టాను, అందుకే దాని గురించి కాస్త వివరంగా చెప్పగలను.

ముల్లు చేసే పని ఎంత సున్నితమైనదో ముందు చూడాలి. ఎల్పీ మీద గాడి వెడల్పు సుమారు 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), తల వెంట్రుకంత ఉంటుందేమో. ఆ గాడి గోడల్లో ఉన్న ఒంపులే పాట. వీణ తీగ మీటాక నాదం సన్నగిల్లి సన్నగిల్లి, ఇక వినపడదేమో అనుకునే చోట ఆ ఒంపు ఒక్క మైక్రాన్ కూడా ఉండదు. ముల్లు సుమారు రెండు గ్రాముల బరువుతో దాని మీద ఆని, ఆ ఒంపుల వెంట ఆడుతుంది. అది పాట వల్ల ఆడిందా, నేల అదిరి ఆడిందా అన్నది ముల్లుని పట్టుకునే చిన్న డబ్బాకి, అంటే కాట్రిడ్జ్‌కి, తెలియదు. కదలిక ఏదైనా సరే కరెంటుగా మార్చి పంపేస్తుంది.

దీనికి ఇంకొకటి తోడవుతుంది. రికార్డు తయారుచేసేటప్పుడే మంద్ర స్వరాల్ని బాగా తగ్గించి కోస్తారు. లేకపోతే గాడి మరీ వెడల్పయిపోయి ఒక వైపు పట్టే పాటలు తగ్గిపోతాయి. అలా తగ్గించినదాన్ని ఆంప్లిఫయర్‌లోని ఫోనో భాగం తిరిగి పెంచుతుంది. 1950ల నుంచి అందరూ వాడుతున్న ఆర్.ఐ.ఏ.ఏ. (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ప్రకారం 20 హెర్ట్జ్, అంటే సెకనుకి 20 ఊపులు, దగ్గర ఆ పెంపు దాదాపు 20 డెసిబెల్స్, అంటే మధ్య స్వరాలతో పోలిస్తే తొమ్మిది పది రెట్లు. నేల అదురు ఉండేది సరిగ్గా ఆ మంద్ర స్వరాల దగ్గరే. అందుకే ముల్లు ఎగరకపోయినా, ఎవరైనా నడుస్తుంటే వూఫర్, అంటే స్పీకర్‌లో మంద్ర స్వరాలు పలికే భాగం, ఊపిరి పీల్చి వదిలినట్టు లోపలికీ బయటికీ ఆడుతుంది. స్పీకర్ మీద గుడ్డ తీసి చూడండి, కంటికి కనిపిస్తుంది.

ఇక ఎగరడం. కాట్రిడ్జ్‌ని మోసే చెయ్యి లాంటి టోన్‌ఆర్మ్‌కి కొంత బరువు ఉంటుంది. ముల్లుని పట్టుకున్న సన్నటి కడ్డీ స్ప్రింగులా మెత్తగా ఉంటుంది. రెండూ కలిస్తే స్ప్రింగుకి కట్టిన బరువే. దానికి తనదైన ఊపు ఒకటి ఉంటుంది. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడితే మంచి జోడీ అంటారు. అక్కడైతే పాటకి కిందా, రికార్డు వంకర వల్ల వచ్చే నిదానపు కదలికకి పైనా ఉంటుంది. నాది లెక్కేశాను. ఆర్మ్ 12 గ్రాములు, కాట్రిడ్జ్ 6 గ్రాములు, మొత్తం 18. ముల్లు మెత్తదనం, అదే కాంప్లయన్స్, 15. ఈ రెండింటినీ గుణించి, వర్గమూలం తీసి, దానితో 159ని భాగిస్తే 9.7 హెర్ట్జ్ వచ్చింది. పుస్తకాల ప్రకారం వంక పెట్టలేని జోడీ.

మా ఇల్లు పాతది. కింద బేస్‌మెంట్, దాని మీద 16 అంగుళాలకొకటి చొప్పున చెక్క దూలాలు, వాటి మీద పలకలు. ఫైఫాక్స్ అని ఒక ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసింది. ఫోన్‌లో ఉండే సెన్సర్లతోనే అదురుని గీత గీసి చూపిస్తుంది. ఫోన్‌ని టర్న్‌టేబుల్ ఉన్న బల్ల మీద పెట్టి, అమ్మని ఎప్పటిలాగే నడవమన్నాను. 11 హెర్ట్జ్ దగ్గర గీత నిటారుగా లేచింది. మనిషి అడుగు సెకనుకి రెండే పడుతుంది. కానీ ప్రతి అడుగూ చెక్క నేలకి డప్పు మీద పడ్డ దెబ్బ లాంటిది, దెబ్బ పడ్డాక నేల తన ఊపులో తాను ఊగుతుంది. నేల ఊపు 11, ఆర్మ్ ఊపు దాదాపు 10. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా సమయానికి తోస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. గొడవ ఆ రెండు అంకెల మధ్య ఉంది, అమ్మ మడమల్లో లేదు.

ఇది తెలియక ముందు ఒక షాపుకి వెళ్లి గోడు చెప్పుకుంటే, నాలుగు రబ్బరు ప్యాడ్లు ఇచ్చారు. వాటి ఖరీదుకి ఇంకో పది రికార్డులు వచ్చేవి. టర్న్‌టేబుల్ కాళ్ల కింద పెట్టాక ముల్లు ఇంకా ఎక్కువగా ఎగరడం మొదలైంది. ముందు అమ్మ నడిస్తేనే ఎగిరేది, ఇప్పుడు ఎనిమిదేళ్ల మా అమ్మాయి నడిచినా ఎగురుతోంది. నేనే సరిగా పెట్టలేదేమోనని వారం రోజులు వాటిని అటూ ఇటూ జరుపుతూ గడిపాను.

చివరికి ఒక స్టీలు స్కేలు తెచ్చి కొలిచాను. బరువు లేనప్పుడు ప్యాడ్ ఎత్తు ఎంత, టర్న్‌టేబుల్ పెట్టాక ఎంత. రెండు మిల్లీమీటర్లు కుంగింది. ఆ ఒక్క కొలత చాలు, ఏ మెత్తటి వస్తువు గురించైనా సగం కథ తెలుస్తుంది. కుంగిన మిల్లీమీటర్ల వర్గమూలంతో 15.8ని భాగిస్తే దాని మీద ఉన్న బరువు ఏ ఊపులో ఊగుతుందో వస్తుంది. ఒక మిల్లీమీటరు కుంగితే దాదాపు 16 హెర్ట్జ్. నాలుగు కుంగితే 8. పదహారు కుంగితే 4. నా ప్యాడ్లకి 11 వచ్చింది. రబ్బరు కదలికలో ఉన్నప్పుడు ఇంకాస్త బిగుసుకుంటుంది కాబట్టి నిజంగా ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. నేలది 11, ఆర్మ్‌ది 10, మధ్యలో నేను డబ్బిచ్చి తెచ్చి పెట్టినది కూడా ఆ దరిదాపుల్లోనే.

మెత్తటిది ఏదైనా అదురుని ఆపుతుందని మనకో నమ్మకం. అది పూర్తి నిజం కాదు. స్ప్రింగు గానీ రబ్బరు గానీ తన సొంత ఊపుకి 1.4 రెట్లు దాటిన అదురుని మాత్రమే తగ్గిస్తుంది. దానికి కింద ఉన్నదాన్ని తగ్గించదు. తన ఊపు దగ్గరలో ఉన్నదాన్నయితే పెంచుతుంది కూడా. 11 హెర్ట్జ్ నేల మీద పని జరగాలంటే 4 హెర్ట్జ్ స్ప్రింగు కావాలి, అప్పుడు అదురు ఆరో వంతుకో ఏడో వంతుకో పడిపోతుంది. అంటే బరువు పెట్టగానే పదహారు మిల్లీమీటర్లు, బొటనవేలి వెడల్పంత, కుంగాలి. వేలితో నొక్కితే మెత్తగా తగిలే ప్యాడ్లలో అలా కుంగేవి నేనింతవరకు చూడలేదు. అలాంటి సగం మెత్తటి ప్యాడ్ కన్నా అసలేమీ లేకపోవడమే మంచిది. పట్టకారులా బిగుసుకున్న గట్టి కాళ్లు కనీసం ఉన్న అదురుని ఉన్నట్టు ఇస్తాయి, పెంచవు.

గ్రానైట్ బండ పెట్టమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఊగే నేల మీద బండ పెడితే బండ కూడా నేలతోపాటే ఊగుతుంది. పడవలో రాయి పెట్టినంత మాత్రాన పడవ ఊగడం మానదు. బండ పనికొచ్చే చోటు వేరే ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

మరి నిజంగా మెత్తటి స్ప్రింగు పెడితే? ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1961లోనే అకౌస్టిక్ రిసెర్చ్ కంపెనీ టర్న్‌టేబుల్‌లో రికార్డు తిరిగే పళ్లేన్నీ ఆర్మ్‌నీ ఒకే చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని మూడు స్ప్రింగుల మీద తేలేలా చేశాడు. మోటారు మాత్రం బయటి పెట్టెకి ఉంటుంది. పాట వస్తుండగా పెట్టె మీద సుత్తితో కొట్టినా ముల్లు కదిలేది కాదు. స్కాట్లండ్‌లో 1970ల మొదట్లో వచ్చిన లిన్ సోండెక్ ఎల్పీ12 కూడా ఆ దారిలోదే. నాకు ఈ పద్ధతి అంటే చాలా గౌరవం. పళ్లెం, ఆర్మ్ కలిసి కదిలితే ముల్లుకీ గాడికీ మధ్య తేడా రాదన్న ఆ ఒక్క ఊహ ఎంత చక్కటిదో.

కానీ అలాంటి టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లే చెక్క నేల ఇళ్లలో ముల్లు ఎగురుతోందని అందరికంటే ఎక్కువగా బాధపడ్డారు. ఇందులో వింతేమీ లేదు. సుత్తి దెబ్బ చిన్నది, చురుకైనది. స్ప్రింగు దాన్ని మింగేస్తుంది. నేల పల్లంలా వంగి లేస్తే వచ్చేది నిదానపు ఊపు. సెకనుకి రెండు అడుగులు అంటే 2 హెర్ట్జ్, దాని రెట్టింపు 4. స్ప్రింగు సొంత ఊపు కూడా అక్కడే ఉంది. పైగా మనిషి బరువుకి నేల ఒక పక్కకి వాలుతుంది, దాంతో బల్ల, బల్లతో టర్న్‌టేబుల్. అలాంటి ఇళ్లలో ఎల్పీ12 ఉన్నవాళ్లు ఏం చేశారంటే, దాన్ని గోడకి ఎక్కించారు.

గోడ అనగానే నాకు తెనాలి గుర్తొచ్చింది. ఇన్నేళ్లు కళ్ల ముందే ఉన్న సంగతి అంత ఆలస్యంగా తట్టింది. తాతయ్య రికార్డు ప్లేయర్ ఏనాడూ నేల మీద ఆనిన బల్ల మీద లేదు. పడమటి గోడలో అలమర ఉండేది, మూడు అరలు, మూడూ నల్లటి కడప బండలే. ఇల్లు కడుతున్నప్పుడే మేస్త్రి వాటి అంచుల్ని గోడలోకి దూర్చి కట్టేశాడు. గోడ మూరెడు మందం. మధ్య అరలో ప్లేయర్, కింది అరలో రికార్డులు, పై అరలో పంచాంగం, కళ్లజోడు, అమృతాంజనం. వేసవి సెలవులకి మేం తొమ్మిది మంది పిల్లలం చేరి ఆ గదిలోంచి వీధరుగు మీదికి, అక్కణ్నుంచి పెరట్లోకి పరిగెత్తేవాళ్లం. పక్కనే అమ్మమ్మ రోట్లో పచ్చడి నూరుతూ ఉండేది. ఒక్కసారి కూడా పాట తెగిన గుర్తు లేదు. తాతయ్య మమ్మల్ని అల్లరి చేయొద్దని కసిరేవారు గానీ, రికార్డు కోసం నడవొద్దని ఎప్పుడూ అనలేదు.

అక్కడ పనిచేసిన అదృష్టాలు ఇంకో రెండున్నాయి, అవీ చెప్పాలి. నేల కింద మట్టి, దాని మీద గచ్చు; అది ఊగే నేలే కాదు. ఇంకోటి, ఆ రోజుల్లో ఇళ్లలో ఉండే ప్లేయర్లలో సెరామిక్ కాట్రిడ్జ్ నాలుగైదు గ్రాముల బరువుతో గాడిని నొక్కిపట్టేది. ఎగరదు, కానీ రికార్డుని అరగదీస్తుంది. తాతయ్య బాగా ఇష్టపడి విన్న రికార్డులన్నీ ఇప్పుడు పై స్వరాల దగ్గర గరగరమంటాయి, ఎక్కువ విననివి మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. కాబట్టి ఇప్పుడు ముల్లు మీద బరువు పెంచి ఎగరకుండా చూసుకుందామనేవాళ్లకి నేను వద్దనే చెబుతాను. కాట్రిడ్జ్ చేసినవాళ్లు చెప్పిన హద్దు దాటకండి.

న్యూజెర్సీలో కడప బండ దొరకదు, మూరెడు గోడా లేదు. ఇక్కడి గోడ అంటే లోపల నిలువు చెక్కలు, వాటి మీద జిప్సం పలక. పలకకి బిగిస్తే ఊడి వస్తుంది, చెక్కకి బిగిస్తే ఏనుగునైనా మోస్తుంది. ఫ్రిజ్ మీద ఉండే చిన్న అయస్కాంతం తీసుకుని గోడ మీద మెల్లగా జరుపుతూ పోయాను. ఒకచోట టక్కున అతుక్కుంది. అక్కడ పలకని చెక్కకి బిగించిన మేకు ఉందన్నమాట. పక్కకి కొలిస్తే సరిగ్గా 16 అంగుళాలకి ఇంకొకటి. ఆ రెండు చెక్కల్లోకి మూడంగుళాల స్క్రూలతో రెండు ఇనప బ్రాకెట్లు బిగించి, వాటి మీద మందపాటి పలక పరిచాను. ఏ గోడ అన్నది ముఖ్యం. గదుల మధ్య అడ్డుగోడ ఆ ఊగే నేల మీదే నిలబడి ఉంటుంది. బయటి గోడ పునాది మీద దిగుతుంది. బయటి గోడనే, అందులోనూ మూలకి దగ్గరగా ఉన్న చోటునే ఎంచుకున్నాను.

రసమట్టం పెట్టి ఎగుడుదిగుడు చూసుకోవడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత టర్న్‌టేబుల్ ఎక్కించే ముందు పలక మీద స్టీలు గ్లాసు నిండా నీళ్లు పెట్టాను. ఇంకో గ్లాసు పాత బల్ల మీద. మా అమ్మాయిని హాలు మధ్యలో గెంతమన్నాను. ఇన్నాళ్లూ వద్దన్న పని చేయమంటే అది నావంక అనుమానంగా చూసింది, తర్వాత పదిసార్లు గెంతింది. బల్ల మీద నీళ్లు వలయాలు వలయాలుగా కదిలి అంచు దాటి ఒలికాయి. పలక మీది నీళ్లలో ట్యూబులైటు నీడ కొద్దిగా వణికి నిలిచిపోయింది. ఖర్చు ఆ ప్యాడ్ల ధరలో నాలుగో వంతు కూడా కాలేదు.

హైదరాబాద్ వాళ్లు ఇదంతా చదివి, మాకు చెక్క నేల లేదు కదా అనుకోవచ్చు. నిజమే, కాంక్రీటు స్లాబు మీద ముల్లు ఎగరడం అరుదు. అక్కడ జబ్బు వేరు. మియాపూర్‌లో మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నయ్యా, సౌండ్ పెంచితే బూమ్మని మోగుతోంది, కింద ప్యాడ్లు పెట్టమంటావా" అని అడిగాడు. వీడియో పెట్టమన్నాను. టర్న్‌టేబుల్, రెండు స్పీకర్లు, అన్నీ ఒకే టీవీ బల్ల మీద ఉన్నాయి. స్పీకర్ బల్లని అదరగొడుతుంది, బల్ల ముల్లుని అదరగొడుతుంది, ముల్లు ఆ అదురుని మళ్లీ స్పీకర్‌కి పంపుతుంది. ఇది తిరుగుతూ తిరుగుతూ పెరిగే చక్రం.

ఇది మీ ఇంట్లో ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుసుకోవచ్చు. మోటారు ఆపేసి, తిరగని రికార్డు మీద ముల్లు ఆనించండి. సౌండ్ తక్కువ నుంచి మెల్లగా మీరు రోజూ వినే స్థాయికి తీసుకురండి. బల్ల మీద వేలి కణుపుతో ఒకసారి తట్టండి. స్పీకర్లో 'ధబ్' అని వచ్చి ఆగిపోతే ఫరవాలేదు. 'ధబ్' ఆగకుండా బూమ్మని సాగితే చక్రం తిరుగుతున్నట్టే, వెంటనే సౌండ్ తగ్గించాలి. మావాడు స్పీకర్లని వేరే స్టాండ్ల మీదికి దించి, టర్న్‌టేబుల్ పైమూత తీసేసి వినడం మొదలుపెట్టాడు (ఆ మూత స్పీకర్ గాలికి డోలు చర్మంలా ఆడుతుంది). అంతటితో పోయింది. పై అంతస్తులో ఎవరో కారప్పొడి దంచే చప్పుడు మాత్రం పోలేదు. స్లాబులోంచి అలాంటివి చాలా దూరం వస్తాయి.

బండ పనికొచ్చేది ఇక్కడ. ఊగని నేల మీద మెత్తటి స్ప్రింగులు, వాటి మీద బరువైన గ్రానైట్ పలక, దాని మీద టర్న్‌టేబుల్. బరువు పెరిగేకొద్దీ స్ప్రింగులు ఎక్కువ కుంగుతాయి, ఊపు 4 దగ్గరికి దిగుతుంది, రోకటి దెబ్బలూ వాషింగ్ మెషిన్ గిరగిరలూ పైకి రావు. వంటింటి గట్టు కోయగా మిగిలిన ముక్క గ్రానైట్ దుకాణాల్లో చవగ్గా దొరుకుతుంది. మావాడు అలాంటి ముక్కే తెచ్చుకున్నాడు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లయితే ఇవేవీ అక్కర్లేదు. మేస్త్రితో చెప్పి తొమ్మిదంగుళాల గోడలో ఒక కడప బండ దూర్పించుకోండి, అర లోతు పద్దెనిమిది అంగుళాలు ఉండేలా. తర్వాత గోడ పగలగొట్టి పెట్టించడం కన్నా ఎంతో తేలిక.

ఆంప్లిఫయర్‌లో చెవికి వినపడనంత మంద్రపు అదురుని కోసేసే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటే వేసుకోండి. 1976లో అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐ.ఇ.సి. వాళ్లు 20 హెర్ట్జ్ కింద కోత పెట్టాలని సూచించినది ఇందుకే. వూఫర్ అనవసరంగా ఆడడం తగ్గుతుంది. అయితే ఫిల్టర్ ఉన్నది ముల్లు దాటాక. ఎగిరే ముల్లుని అది ఆపలేదు.

అమ్మ మళ్లీ ఈ ఏడు మే నెలలో వచ్చింది. సామాను దించుకుని స్నానం చేసి వచ్చేసరికి వీణ రికార్డు పెట్టి ఉంచాను. ఎప్పటిలాగే వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. "రామ్మా, ఏం కాదు" అన్నాను. రెండడుగులు మునివేళ్ల మీద వేసింది, ఆగింది, టర్న్‌టేబుల్ వైపు చూసింది. "ఎప్పటిలాగే నడువమ్మా." ధబ్ ధబ్ ధబ్మని హాలు దాటి వచ్చి సోఫాలో కూలబడింది. వీణ ఆగలేదు. "ఇది నాన్న బెజవాడలో కొన్నది" అంది. ఆ వైపు అయిపోయి ముల్లు లోపలి చుట్టులో తిరుగుతుంటే నేను లేవబోయాను. అమ్మ నాకంటే ముందే లేచి, అలమర అర ముందు నిలబడినట్టే పలక ముందు నిలబడి, ఆర్మ్ ఎత్తి, రికార్డుని రెండు అరచేతుల మధ్య అంచులతో పట్టుకుని రెండో వైపు తిప్పింది.